‘అయితది’ అనేవాడు ‘కాదు’ అన్న రోజు: ఒక టెంట్ హౌస్ కామెడీ సిరీస్ కేస్ స్టడీ

ఈ కేసు గురించి రాస్తానని ఆ టెంట్ హౌస్ సిరీస్ తీసే పిల్లలకు ముందే చెప్పాను. “రాయండి సార్, కానీ ఊరి పేరు మాత్రం పెట్టకండి” అన్నారు. కాబట్టి ఊరు, ఛానెల్, సిరీస్, మనుషులు ఎవరి పేరూ ఇందులో ఉండదు. నల్లగొండ జిల్లాలో ఒక పట్నం అనుకుంటే చాలు. ఎపిసోడ్లలోని సంగతులు కూడా గుర్తుపట్టకుండా కొంత మార్చాను.

నా పని స్క్రిప్టులు సరిచేయడం. సొంతంగా రాసేది తక్కువ, ఇంకొకరు రాసింది ఎక్కడ కుంటుతోందో చూసేది ఎక్కువ. మాది పాలమూరు. ఉండేది హైదరాబాద్. నల్లగొండ నుంచి ఒక పాత స్నేహితుడు ఫోన్ చేసి “మనోళ్ల పిల్లలే, ఒకసారి చూడు” అన్నాడని వెళ్లాను. ఫీజు సంగతి అడిగితే తిరిగొచ్చేటప్పుడు కారు డిక్కీలో బత్తాయిల బస్తా పెట్టారు. అది వేరే కథ.

నేపథ్యం

మొత్తం ఐదుగురు. డిగ్రీ అయిపోయిన కుర్రాళ్లు ఇద్దరు. పెళ్లిళ్లకు వీడియోలు తీసే అతను ఒకడు, కెమెరా అతనిదే. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పే టీచరమ్మ ఒకామె, స్క్రిప్టు ఎక్కువగా ఆమెదే. ఐదో మనిషి యాభై దాటిన నాటకాలాయన, మామ వేషం ఆయనది.

కథ జరిగేది టెంట్ హౌస్‌లో. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, సీరియల్ లైట్లు కిరాయికిచ్చే దుకాణం. ఓనరు మామ, నడిపేది మేనల్లుడు. ఈ చోటును ఎంచుకున్నందుకు వాళ్లను మొదటిరోజే మెచ్చుకున్నాను. లగ్గమైనా దినవారమైనా, ధోతుల ఫంక్షనైనా పార్టీ మీటింగైనా టెంటు లేనిదే జరగదు. అంటే వారానికో కొత్త మనిషి తన సొంత అవసరంతో గుమ్మంలోకి నడిచి వస్తాడు. కథను ఎక్కడినుంచో ఈడ్చుకురావలసిన పని లేదు. 1984లో దూరదర్శన్‌లో వచ్చిన ‘యే జో హై జిందగీ’ గుర్తున్నవాళ్లకు ఈ సుఖం తెలుస్తుంది. ఇల్లు అదే, ఇంట్లోవాళ్లు వాళ్లే, సతీశ్ షా మాత్రం ప్రతివారం కొత్త వేషంలో దిగేవాడు. టెంట్ హౌస్‌కు ఆ సౌకర్యం పుట్టుకతోనే ఉంది.

అల్లుడి గుణమంతా ఒక్క మాటలో ఉంది. ఎవరేం అడిగినా “అయితది అన్నా” అంటాడు. 500 కుర్చీలు కావాలా? అయితది. ఒకే రోజు రెండు పెళ్లిళ్లకు ఒకే స్టేజీ సెట్టా? అయితది. దుకాణంలో ఉన్నవి 300 కుర్చీలు. మిగిలిన 200 కోసం వాడు పడే పాట్లే కథ. మామదీ గట్టి గుణమే. తన షామియానా కింద కాని లగ్గం నిలవదని ఆయన నమ్మకం. సామాను తిరిగొచ్చినప్పుడు వేలు నాలుకకు అద్దుకుని నోటు పుస్తకం తిప్పుతూ ఒక్కో కుర్చీ లెక్క పెట్టుకుంటాడు. మూడో ఎపిసోడ్‌లో ఒక డేక్సా వేరే టెంట్ హౌస్ పేరుతో తిరిగొస్తుంది. పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. ఆ డేక్సా ఈయన డేక్సా కంటే పెద్దది. ఆయన మహా నిజాయితీపరుడు. తిరిగి ఇవ్వాలి, కానీ తనది ఇంకా రాలేదు. పదకొండు నిమిషాలు మామ ఆ గిన్నె చుట్టూ తిరుగుతాడు, అంతే. నేను చూసిన వాటిలో అదే ఉత్తమం.

మొదటి ఎనిమిది ఎపిసోడ్లు బాగా పోయాయి. తొమ్మిదోది అన్నిటికన్నా బాగా పోయింది. పదోది నుంచి జారుడు మొదలైంది. నాకు ఫోన్ చేసేసరికి పదహారు అయ్యాయి.

వచ్చిన సమస్య

“అన్నా, పంచులు పడ్తలేవు” అన్నాడు అల్లుడి వేషం కుర్రాడు. ఇది వాళ్ల సొంత రోగనిర్ధారణ. దానికి తోడు ఇంకో దెబ్బ తగిలింది. మామ వేషం ఆయన కొడుకు దగ్గరికి శాశ్వతంగా వెళ్లిపోతున్నాడు, ఇంకో నెలలో ప్రయాణం. “మామ లేకుంటే సిరీస్ ఏడిది, మూసేద్దాం” అని సగంమంది మాట.

నేను కామెంట్లు చూపించమన్నాను. పొగిడేవి వదిలేసి తిట్టేవే చదువుతాను, పొగడ్తలో జబ్బు కనిపించదు. ఎక్కువమంది “మునుపటి లెక్క లేదు” అని రాశారు. అది అందరికీ తెలిసిందే. ఒకాయన మాత్రం “గిన్ని తిప్పలు పడుడెందుకు, దుకాణం ఇడిసిపెట్టి పోరాదు?” అని రాశాడు. దాన్ని నా పుస్తకంలో ఎక్కించుకున్నాను. సిరీస్‌లో ఎవరూ అడగని ప్రశ్నను చూసేవాడు అడిగాడంటే అక్కడేదో పగులు ఉంది.

నేను రాకముందు చేసినవి

పంచులు పెంచారు. పేజీకి ఇన్ని అని లెక్క పెట్టుకుని మరీ రాశారు. ఆ ఎపిసోడ్లలో మనుషులందరూ ఒకేలా చమత్కారంగా మాట్లాడుతున్నారు, షామియానా కట్టడానికి వచ్చిన హమాలీతో సహా. మామ మాట అల్లుడి నోట్లో పెట్టినా తేడా తెలియదు. నవ్వు తెప్పించే మాట ఎవరి నోటినుంచైనా రాగలిగితే అది ఎవరిదీ కాదు.

తర్వాత నాగార్జునసాగర్‌కు ఔట్‌డోర్ వెళ్లారు. డ్యామ్ బాగా కనిపించింది, టెంట్ హౌస్ కనిపించలేదు. ఆ తర్వాత వెనకాల నవ్వుల సౌండ్ కలిపారు. దాని గురించి ముందు ముందు చెబుతాను.

భాష కూడా మార్చారు. “ఆంధ్రోళ్లు కూడ చూస్తున్నరు గద అన్నా” అని మామ మాటల్లోని నల్లగొండ యాసను తీసేసి పుస్తకాల తెలుగు పెట్టారు. అది పనిచేయకపోతే మళ్లీ యాసకొచ్చి, ఈసారి అవసరానికి మించి దట్టించారు. ఇక్కడ కొంచెం ఆగాలి. తెలంగాణ యాస అంటే విలన్‌కో జోకర్‌కో ఇచ్చేదన్న అలవాటును మన సినిమా చాలాకాలం పెంచి పోషించింది. ఈ పిల్లలు తమ ఇంటి మాటనే ఆ అద్దంలో చూసుకుని ఎక్కిరించుకుంటున్నారు. మామ “ఏందిరా గిది” అన్నందుకు నవ్వు రాకూడదు. గిన్నె పోయినందుకు వచ్చే కోపం “ఏందిరా గిది”గా బయటపడితే నవ్వు అదే వస్తుంది. ఆ వాక్యం మామది కావాలి, యాసది కాదు.

నా మొదటి మందు, అది వికటించిన తీరు

ఇక్కడ తప్పు నాది. పాత సిట్‌కామ్‌లు, అంటే అదే చోటు, అవే మనుషులు, వారానికో కొత్త చిక్కుతో నడిచే కామెడీ సిరీస్‌లు చూస్తే దారి దొరుకుతుందని వాళ్లకు ఒక జాబితా ఇచ్చాను. నా ఆలోచన సూటిగానే ఉంది: 70 ఏళ్ల కిందటిది ఇప్పటికీ నవ్విస్తోందంటే దాంట్లో ఆ కాలానికి సంబంధించనిది ఏదో ఉంది, అది పట్టుకోవాలి. అమెరికన్ సిరీస్ ‘ఐ లవ్ లూసీ’ 1951లో మొదలైంది. లూసీ, ఆమె స్నేహితురాలు చాక్లెట్ల ఫ్యాక్టరీలో బెల్టు మీద వచ్చే చాక్లెట్లను కాగితాల్లో చుట్టలేక నోట్లో, టోపీలో కుక్కుకునే సీను ఇప్పుడు ఇంగ్లీషు రాని మా అమ్మకు చూపించినా నవ్వుతుంది. జాబితాలో ‘సైన్‌ఫెల్డ్’ కూడా పెట్టాను. దాన్ని పెడుతూ “ఏమీ జరగని కథతో ఎంత చేశారో చూడండి” అని ఒక మాట వదిలాను. ఆ మాటే కొంప ముంచింది.

వాళ్లు ‘సైన్‌ఫెల్డ్’లో 1991 నాటి చైనీస్ రెస్టారెంట్ ఎపిసోడ్ చూశారు. ఎపిసోడంతా ముగ్గురు మనుషులు టేబుల్ కోసం నిలబడి ఉంటారు. దాన్ని చూసి ఉత్సాహంగా ఒక మూఢం ఎపిసోడ్ రాశారు. మూఢంలో ముహూర్తాలుండవు, బేరాలుండవు. మామా అల్లుళ్లు ఖాళీగా కూర్చుని ఈగలు తోలుకుంటారు, ఎండ గురించి మాట్లాడుకుంటారు, అయిపోతుంది. తీసి పెట్టారు. చూసినవాళ్లు మూడో నిమిషంలోనే వెళ్లిపోయారు. వాళ్లను తప్పు పట్టలేం, నేనూ వెళ్లిపోయేవాణ్ణే.

మళ్లీ కూర్చుని అసలు ఎపిసోడ్‌ను నిమిషం నిమిషం ఆపుతూ చూశాం. ఏమీ జరగడం లేదన్నది నా తొందరపాటు మాట. ఎలేన్‌కు ఆకలితో కడుపు కాలిపోతోంది. జార్జ్‌కు స్నేహితురాలికి ఫోన్ చేయాలి, అక్కడున్న ఒకే ఒక్క ఫోన్‌ను వేరేవాళ్లు వదలడం లేదు. జెర్రీకి సినిమా టైమ్ దాటిపోతోంది, పైగా మావయ్యకు అబద్ధం చెప్పి వచ్చాడు. ముగ్గురికి మూడు తహతహలు, తలుపు మాత్రం తెరుచుకోదు. విసిగి బయటికి నడిచిన కాసేపటికే లోపలివాడు వాళ్ల పేరు పిలుస్తాడు. మన మూఢం ఎపిసోడ్‌లో ఎవరికీ ఏమీ అక్కర్లేదు. తేడా అదొక్కటే.

అప్పటినుంచి ఎవరికీ జాబితాలు ఇవ్వడం మానేశాను. చూడమంటే పైపొర చూస్తారు. తప్పు వాళ్లది కాదు, పైపొర అంత బాగుంటుంది. చూసేముందు చేతికొక ప్రశ్న ఇవ్వాలి.

ఫ్లెక్సీ వెనక గీసిన గళ్లు

వాళ్లు షూటింగ్ చేసే దుకాణం నిజమైన టెంట్ హౌసే, తెలిసినవాళ్లది. అక్కడ ఎప్పటిదో పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంటే వెనక్కి తిప్పి గోడకు కట్టించాను. తెల్లటి వైపు మూడు గళ్లు గీశాను. ఇతను ఎందుకు వదిలి వెళ్లిపోలేడు? తన గురించి తను ఏమనుకుంటున్నాడు? ఎపిసోడ్ అయ్యాక ఏది మళ్లీ మొదటికొచ్చింది?

ఈ మూడింటినే ఎంచుకోవడానికి కారణం ఉంది. మొదటిది ఆ కామెంట్ రాసినాయన ఇచ్చింది. రెండోది నా అనుభవంలోది. సరదా మనిషి ఎంతసేపో నవ్వించలేడు, తను సరదా మనిషినని తెలియనివాడు నవ్విస్తూనే ఉంటాడు. మూడోది సీరియల్‌కూ సిట్‌కామ్‌కూ ఉన్న తేడా కోసం. సీరియల్ రేపటికి ముడి వేస్తుంది. సిట్‌కామ్ ఈరోజే ముడి విప్పి, అదే తాడును మళ్లీ చేతికిస్తుంది.

‘అమృతం’తో మొదలుపెట్టాం, అది అందరికీ నోటికొచ్చు. 2001 నుంచి 2007 దాకా జెమినిలో వచ్చింది, గుణ్ణం గంగరాజు సృష్టి. అమృతరావు ఎందుకు వెళ్లిపోలేడు? హోటల్ మెడకు చుట్టుకుంది, పక్క వాటాలో ఆంజనేయులు, పైన ఇంటి ఓనరు అప్పాజీ. ఏమనుకుంటున్నాడు? ఈసారి వేసే ప్లాన్‌తో దశ తిరుగుతుందని. ఏది మొదటికొచ్చింది? దశ.

తర్వాత ‘ఫాల్టీ టవర్స్’, బ్రిటిష్ టీవీలో వచ్చిన ఒక హోటల్ కథ. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండే ఎపిసోడ్లు. బేసిల్ హోటల్ వదల్లేడు, భార్య సిబిల్‌ను ఎదిరించలేడు. తను గొప్ప మర్యాదస్తుణ్ణని, ఖర్మకొద్దీ ఈ అతిథుల మధ్య పడ్డానని అనుకుంటాడు. ఒక చిన్న అబద్ధం కప్పడానికి ఇంకో పెద్ద అబద్ధం, దాన్ని కప్పడానికి మరొకటి. మా అల్లుడి 500 కుర్చీలు సరిగ్గా ఇదే చెట్టు కొమ్మ.

ఒక మంత్రి, ఆయన సెక్రటరీల బ్రిటిష్ సిరీస్ ‘ఎస్ మినిస్టర్’ను గళ్లలో రాసేటప్పుడు కెమెరా కుర్రాడు ఒక మంచి ప్రశ్న అడిగాడు: 1980ల రాజకీయం ఇప్పుడు పాతబడలేదా? ఆ మంత్రి ఏ పార్టీయో సిరీస్‌లో ఎక్కడా చెప్పరు. చెప్పేదల్లా ఫైలును ఎలా ఆపాలో తెలిసిన సెక్రటరీ గురించి. పార్టీలు పాతబడతాయి, ఫైలు ఆపడం పాతబడదు. మన ‘ఆఫీస్ ఆఫీస్’లో పంకజ్ కపూర్ వేసిన ముసద్దీలాల్ 2001లో కౌంటర్ల చుట్టూ తిరిగాడు. ఏ ఆఫీసు మెట్లయినా ఒక్కసారి ఎక్కినవాడికి ఆయన ఇప్పటికీ చుట్టమే. ఇది విని వాళ్లు పదమూడో ఎపిసోడ్ వైపు చూసుకున్నారు. అందులో ఆ నెల రీల్స్‌లో తిరిగిన నాలుగు ట్రెండ్లను వాడారు. ఆరు నెలలు కూడా కాలేదు, అందులో రెండు దేని గురించో నటించినవాళ్లకే గుర్తు రాలేదు.

గళ్లు నిండుతుంటే ఒక కుర్రాడు అడ్డం తిరిగాడు. “మరి ‘ఫ్రెండ్స్’ల అందరు మారుతరు గద? ‘మాష్’ల ఆఫీసరే సచ్చిపోతడు గద?” నాకు ఇలాంటి అడ్డం కావాలి. నిజమే, ‘ఫ్రెండ్స్’లో 1994 నుంచి పదేళ్లలో పెళ్లిళ్లు, పిల్లలు, ఉద్యోగాలు అన్నీ మారాయి. కానీ మోనికా ఇల్లు సర్దే పిచ్చి చివరిదాకా అలాగే ఉంది. వాళ్ల హోదాలు పెరిగాయి, దురదలు తగ్గలేదు. ‘మాష్’ కొరియా యుద్ధంలో ఒక సైనిక ఆసుపత్రి కథ, అందులో మనుషులు వస్తారు, పోతారు. అసలు కొరియా యుద్ధం మూడేళ్లు జరిగింది, సిరీస్ 1972 నుంచి 1983 దాకా పదకొండేళ్లు నడిచింది. అక్కడ మారనిది యుద్ధం. ‘చీర్స్’ ఒక బార్‌లో జరిగే కథ. 1987లో ముఖ్యమైన నటి వెళ్లిపోయినా బార్ ఉంది, ఆ తర్వాత ఇంకో ఆరేళ్లు నడిచింది. అంటే మారకూడనిది ఇదేనని రూలేమీ లేదు. ఏదో ఒకటి మాత్రం గుంజలాగా పాతుకుని ఉండాలి.

ఆఖరి వరుసలో మా టెంట్ హౌస్‌ను రాయమని టీచరమ్మ చేతికి మార్కర్ ఇచ్చాను. ఆమె ఎపిసోడ్ల వారీగా రాసుకుంటూ పోయింది. ఎనిమిది దాకా మూడు గళ్లూ నిండాయి, మొదటిది కొంచెం పలచగా ఉంది. తొమ్మిది దగ్గర చెయ్యి ఆగింది. పది ఖాళీ. పదకొండు ఖాళీ. వెనక్కి తిరిగి, “సార్, మావోడు తొమ్మిదిల బాగైండు” అంది.

అదీ జబ్బు. నేను పట్టలేదు, ఆమె పట్టింది.

తొమ్మిదో ఎపిసోడ్ ఒక కన్నీళ్ల ఎపిసోడ్. అల్లుడి “అయితది” వల్ల ఒక పేదింటి పెళ్లిలో అన్నాలకు గిన్నెలు చాలవు. పెళ్లికూతురు తండ్రి తలవంచుకుని నిలబడతాడు. అల్లుడు మామ కాళ్ల మీద పడతాడు, ఇకనుంచి చేతకానిది “కాదు” అని చెబుతానంటాడు. మామ కౌగిలించుకుంటాడు. చాలా బాగా తీశారు. అన్నిటికన్నా ఎక్కువమంది చూసింది, ఎక్కువమంది పంచుకున్నది అదే. పదో ఎపిసోడ్ నుంచి హీరో తెలివైనవాడు, చేయగలిగినదే ఒప్పుకుంటాడు. అలాంటివాడి టెంట్ హౌస్‌లో మనం చూడడానికి ఏముంది? సామాను సరిగ్గా వెళ్తుంది, సరిగ్గా వస్తుంది. ఆ ఖాళీని పంచులతో, సాగర్‌తో, నవ్వుల సౌండ్‌తో నింపాలని చూశారు. ‘సైన్‌ఫెల్డ్’ రాసేవాళ్ల గదిలో కౌగిలింతలు ఉండవు, గుణపాఠాలు ఉండవు అనే నియమం ఉండేదట. ఇక్కడ ఒకే సీనులో రెండూ ఉన్నాయి.

మందు ఎంపిక

మూడు దారులు కనిపించాయి. తొమ్మిదిని జరగనట్టే వదిలేసి పాత అల్లుణ్ణి తెచ్చేయడం ఒకటి. దీనికి కుర్రాళ్లు ఎగిరి గంతేశారు, నేను వద్దన్నాను. ఏడ్చి పంచుకున్నవాళ్లను మోసం చేసినట్టవుతుంది, వాళ్లు క్షమించరు. రెండోది, వేరే లోపమున్న కొత్త మనిషిని దుకాణంలో పెట్టడం. తేలికే, కానీ అప్పుడు సిరీస్ కొత్త మనిషిదవుతుంది, మామా అల్లుళ్లు పక్కకు జరుగుతారు.

మూడోది కొంచెం మెలిక. తొమ్మిదిలో జరిగింది నిజమే. వాడు మారాడు. కనీసం మారానని వాడు నమ్ముతున్నాడు. మామ ఇంకా గట్టిగా నమ్మి ఊరంతా చెప్పుకుంటున్నాడు. అల్లుడు ఇప్పుడు గిరాకీ ముఖం మీదే “కాదు” అంటాడు, రొమ్ము విరుచుకుని. రాత్రి నిద్ర పట్టదు. పదకొండింటికి ఆ గిరాకీకి తనే ఫోన్ చేసి, గొంతు తగ్గించి, “అయితది లే అన్నా, మామకు చెప్పకు” అంటాడు. పాత లోపం తిరిగొచ్చింది, పైగా ఇప్పుడు దాని మీద ఒక గొప్ప ఉంది, ఒక రహస్యం ఉంది. నేను దీన్ని ఎంచుకోవడానికి కారణం రెండో గడి. ఇంతకుముందు అల్లుడికి తన గురించి పెద్దగా అభిప్రాయం లేదు, ఉత్త మెత్తనివాడు. ఇప్పుడు తను కఠినమైన వ్యాపారస్తుణ్ణని అనుకుంటున్నాడు. 

మొదటి గడికి, అంటే వెళ్లిపోలేకపోవడానికి, రెండు చిన్న ముడులు వేశాం. అల్లుడి చెల్లె లగ్గానికి మామ సామానంతా ఉత్తగనే ఇచ్చాడు. ఆ మాట ఎత్తనని రోజూ అంటూ రోజూ ఎత్తుతాడు. మామ వైపు ముడి ఇంకా చిన్నది: నోటు పుస్తకంలో తన రాత తనకే అర్థం కాదు, అది చదవగలిగేది అల్లుడొక్కడే. ఇది కుర్రాళ్లకు వచ్చిన ఆలోచన. మూడో ఎపిసోడ్‌లో వేలు తడి చేసుకుని పుస్తకం తిప్పే ఆ మనిషి, ఇన్నాళ్లూ చదివినట్టు నటిస్తున్నాడన్నమాట.

మామ మారడం

వెళ్లిపోతున్న ఆయన స్థానంలో ఎవరిని పెట్టాలి? “మామ ఊరెళ్లాడు, బాబాయి వచ్చాడు” అని ఒక కథ అల్లారు. దానికి నేను ‘అమృతం’నే చూపించాను. అమృతరావు వేషం శివాజీ రాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. ముఖం మారింది, కుర్చీ మారలేదు. జనం ఆ కుర్చీకి అలవాటుపడ్డారు. కాబట్టి కొత్తాయనను సంజాయిషీ లేకుండా మామగానే కూర్చోబెట్టమన్నాను. పాతాయనను అనుకరించొద్దని, రెండే రెండు ఉంచుకోమని చెప్పాను: తడి వేలు, తన షామియానా మీద నమ్మకం. దొరికినాయన బక్కపలచగా, పొడుగ్గా ఉంటాడు, పాతాయనకు ఏ పోలికా లేదు. రెండు ఎపిసోడ్లు తిట్లు పడ్డాయి. దానికి సిద్ధంగా ఉండమని ముందే చెప్పాను గానీ, అన్ని తిట్లు నేనూ అనుకోలేదు. మూడోదానికి తగ్గాయి.

నవ్వుల సౌండ్ బదులు

‘ఐ లవ్ లూసీ’ని మూడు కెమెరాలతో ఫిల్మ్ మీద, ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి తీశారు. అక్కడ నవ్వు అలంకారం కాదు, పనిముట్టు. నవ్వు వచ్చేదాకా నటులు ఆగుతారు, రాని చోట రాసినవాడికి అప్పుడే తెలిసిపోతుంది. మనకు అలాంటి స్టూడియో ఎక్కడిది? కానీ జనం ఉన్నారు. షూటింగ్‌కు ముందు ఒక సాయంత్రం దుకాణంలోనే స్క్రిప్టు పైకి చదవడం పెట్టాం. వినేది అక్కడ పనిచేసే హమాలీలు, పక్క చాయ్ హోటలతను, సామాను తిరిగివ్వడానికి వచ్చినవాళ్లు.

మొదటి చదువుడులోనే ఒక మంచి జోకు చచ్చింది. అల్లుడు 200 కుర్చీలను ప్యాసింజర్ ఆటోలో కుక్కి తెస్తాడని రాశారు. అందరం నవ్వాం, హమాలీ ఒకాయన నవ్వలేదు. “గిన్ని కుర్చీలు ఆటోల ఎట్ల పడ్తయి? ట్రాలీ కావాలె” అన్నాడు. నిజం తెలిసినవాడు ఆగిపోతే అక్కడ సీనూ ఆగిపోతుంది. మరి రాత్రిపూట ట్రాలీ దొరక్కపోతే ఏం చేస్తారని ఆయన్నే అడిగాం. “ఏం జేస్తం, మొన్న శవం కాడికి పోయిన బండిలనే తెచ్చినం, ఎవరికి చెప్పలే” అన్నాడు. ఆ వాక్యం చుట్టూ పంతొమ్మిదో ఎపిసోడ్ మొత్తం తయారైంది. పెళ్లివారికి ఆ బండి ఎక్కడినుంచి వచ్చిందో తెలియకూడదు.

మూఢం ఎపిసోడ్‌ను కూడా మళ్లీ రాశారు. ఈసారి కూడా గిరాకీ లేదు, ఈగలే. కానీ అల్లుడు రాత్రి ఎవరికో “అయితది” అన్నాడు, వాళ్లు ఏ క్షణానైనా రావచ్చు, మామ మాత్రం ఖాళీ కదా అని దుకాణం వదిలి కదలడు. అదే దుకాణం, అదే ఎండ. ఈసారి చదువుడు మధ్యలో చాయ్ హోటలతను వచ్చిన గిరాకీని వెనక్కి పంపించి కూర్చున్నాడు.

నాకు మిగిలిన సంగతులు

చూసేవాళ్ల సంఖ్య తొమ్మిదో ఎపిసోడ్ దరిదాపులకు మళ్లీ వెళ్లలేదు. వెళ్తుందని నేను చెప్పలేదు కూడా. మారిందేమిటంటే, వచ్చినవాళ్లు చివరిదాకా ఉంటున్నారు, పాత ఎపిసోడ్లకు వెనక్కి వెళ్తున్నారు. హిందీ సిట్‌కామ్ ‘సారాభాయ్ వర్సెస్ సారాభాయ్’ 2004లో వచ్చినప్పుడు పెద్ద రేటింగులేమీ లేవు, జనం దాన్ని తర్వాత్తర్వాత వెతుక్కుని చూశారు. అది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు. తలుపులోనుంచి ఎంతమంది వచ్చారన్నదీ, ఎంతమంది మళ్లీ వచ్చారన్నదీ రెండు వేర్వేరు లెక్కలు. ఈ కేసుకు ముందు నేను మొదటిదే అడిగేవాణ్ణి.

ఇప్పుడు ఎవరైనా పడిపోయిన సిరీస్ తెస్తే పడిపోయిన ఎపిసోడ్లు ముందు చూడను. దానికి ముందున్న పెద్ద హిట్‌ను చూస్తాను. గండి చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఎందుకంటే హిట్ మీద ఎవరికీ అనుమానం రాదు.

ఒక సందేహం తీరలేదు. అల్లుడి రహస్యం మామకు ఎప్పటికీ తెలియకుండా ఎన్ని ఎపిసోడ్లు లాగగలం? ‘ఫాల్టీ టవర్స్’ పన్నెండు దగ్గర ఆపేసింది, ‘అమృతం’ ఆరేళ్లు నడిచింది. ఇది ఎటు వెళ్తుందో రాసేవాళ్లే తేల్చుకోవాలి. టీచరమ్మకు ఆపడమే ఇష్టం, కుర్రాళ్లకు కాదు.

పోయిన నెల ఇరవై నాలుగో ఎపిసోడ్ చదువుడుకు వెళ్లాను, పనేమీ లేదు, ఉత్తగనే. మొదటి పేజీలోనే రాత్రి పదకొండు, మామ మంచం పక్కనే, అల్లుడి ఫోన్ మోగుతుంది. చదివే కుర్రాడు ఊపిరి తీసుకునేలోపే మూలనుంచి ఆ ట్రాలీ హమాలీ “అయితది అంటడు సూడు” అన్నాడు. దుకాణమంతా నవ్వింది. కుర్రాడు ఇంకా డైలాగ్ చదవనే లేదు.

టీచరమ్మ పెన్ను తీసి ఆ డైలాగ్ కొట్టేసింది. పక్కన “ఫోన్ ఎత్తుతాడు. మామ వైపు చూస్తాడు. కట్.” అని రాసుకుంది.